రంగుల కీబోర్డుకు లైనక్స్ డ్రైవర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. విండోస్‌లో రంగురంగులుగా వెలిగే ల్యాప్‌టాప్ కీబోర్డు, లైనక్స్ వేయగానే ఒకే రంగులో ఉండిపోతోంది. లేదా అసలు వెలగడం లేదు. డ్రైవర్ మనమే రాసుకోవచ్చా అని చాలామంది అడిగారు. రాసుకోవచ్చు. సీ భాష వచ్చి, కాస్త ఓపిక ఉంటే కెర్నల్‌లోకి (లైనక్స్ గుండెకాయలోకి) దిగడానికి ఇంతకంటే మంచి తొలిమెట్టు దొరకదు. కమాండ్లను, ఫైళ్ల పేర్లను పలికినట్టే తెలుగులో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలు వాడండి.

ప్రశ్న: ఉబుంటు వేశాను. ఎఫ్ఎన్ కీతో కీబోర్డు లైటు పెరుగుతోంది, తగ్గుతోంది గానీ రంగు మార్చే దారి కనిపించడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— బీటెక్ విద్యార్థి, కాకినాడ

రంగు మార్చమనే ఆదేశం మీ మెషీన్‌లో ఏ దారిన కీబోర్డుకు చేరుతుందో ముందు తేల్చుకోండి. ప్రధానంగా రెండు దారులు ఉంటాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు లైట్లకు విడిగా ఒక యూఎస్‌బీ కంట్రోలర్ ఉంటుంది. మిగతావాటిలో లైట్లు ఎంబెడెడ్ కంట్రోలర్ చేతిలో ఉంటాయి. ఫ్యాను, బ్యాటరీ చార్జింగ్ చూసుకునే చిన్న చిప్పు అదే. దానికి కబురు బయోస్‌లోని ఏసీపీఐ కోడ్ (హార్డ్‌వేర్‌ను ఎలా నడపాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే కోడ్) గుండా వెళ్తుంది. ఆ కోడ్‌ను బయటినుంచి పిలవడానికి తయారీదారులు పెట్టే గుమ్మం పేరు డబ్ల్యూఎంఐ. మీ ఎఫ్ఎన్ కీ డ్రైవర్ లేకుండానే పనిచేస్తోందంటే, ఆ వెలుగు పని ఎంబెడెడ్ కంట్రోలరే సొంతంగా చేసుకుంటోందన్నమాట.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. వరుసల్లో 048డి అనే వెండర్ నంబరు కనిపిస్తే అది ఐటీఈ కంపెనీ చిప్పు. మీది యూఎస్‌బీ దారి అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటిదేమీ లేకపోతే సిస్, బస్, డబ్ల్యూఎంఐ, డివైసెస్ అనే ఫోల్డర్ వరుస తెరవండి. 36 అక్షరాల పొడవైన పేర్లతో కొన్ని ఫోల్డర్లు ఉంటాయి. అవే జీయూఐడీలు. వాటిలో ఒకటి మీకు కావలసిన గుమ్మం.

ఆ పని చేసే ముందు సిస్, క్లాస్, లెడ్స్ ఫోల్డర్‌ను కూడా ఒకసారి చూడండి. పేరులో కేబీడీ అండర్‌స్కోర్ బ్యాక్‌లైట్ అని ఉన్న ఫోల్డర్ ఉంటే, డ్రైవర్ కనీసం సగమైనా ముందే వచ్చిందని అర్థం. ఉదాహరణకు ఆసుస్ టఫ్ మోడళ్ల రంగులకు కెర్నల్ 6.1లోనే మద్దతు చేరింది. పాత కెర్నల్ మీద కూర్చుని కొత్త డ్రైవర్ రాయడం మొదలుపెట్టకండి. కొత్త కెర్నల్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఒకసారి బూట్ చేసి చూస్తే గంటలో తేలిపోతుంది.

ప్రశ్న: డీఎస్‌డీటీ (బయోస్‌లో ఏసీపీఐ కోడ్ ఉండే ప్రధాన పట్టిక) తీసి విప్పాను. డబ్ల్యూఎంఐ ఫోల్డర్‌లో కనిపించిన జీయూఐడీని అందులో ఎంత వెతికినా దొరకడం లేదు. ఎందుకు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

అది అక్కడే ఉంది. బైట్లు తిరగబడి ఉన్నాయి. క్లెవో తయారీ ల్యాప్‌టాప్‌లలో ఉండే జీయూఐడీనే చూద్దాం. (క్లెవో చట్రాలను చాలా బ్రాండ్లు తమ పేరుతో అమ్ముతాయి.) అది ఏబీబీసీ0ఎఫ్6డి – 8ఈఏ1 – 11డి1 అని మొదలవుతుంది. డీఎస్‌డీటీలో మాత్రం 6డి, 0ఎఫ్, బీసీ, ఏబీ, తర్వాత ఏ1, 8ఈ, తర్వాత డి1, 11 అని ఉంటుంది. మొదటి మూడు భాగాలు వెనకనుంచి ముందుకు రాస్తారు. చివరి రెండు భాగాలు ఉన్నది ఉన్నట్టే ఉంటాయి. కాబట్టి పూర్తి పేరు కాకుండా 0ఎక్స్6డి, 0ఎక్స్0ఎఫ్, 0ఎక్స్‌బీసీ అనే వరుస కోసం వెతకండి.

ఇంకా సులువైన పద్ధతి, పిఎన్‌పి0సీ14 అనే డివైస్‌ను పట్టుకోవడం. డబ్ల్యూఎంఐ గుమ్మాలన్నిటికీ ఆ గుర్తే ఉంటుంది. దాని లోపల అండర్‌స్కోర్ డబ్ల్యూడీజీ అనే బఫర్ ఉంటుంది. దాన్ని 20 బైట్ల ముక్కలుగా కోయండి. ప్రతి ముక్కలో 16 బైట్లు జీయూఐడీ, 2 బైట్లు ఆబ్జెక్ట్ పేరు, 1 బైటు ఎన్ని ప్రతులు ఉన్నాయన్న లెక్క, చివరి బైటు రకం. ఆ రకం బైటులో 2 ఉంటే అది పిలవగలిగే మెథడ్, 8 ఉంటే అక్కడినుంచి మనకు వచ్చే ఈవెంటు. క్లెవో ముక్కలో ఆబ్జెక్ట్ పేరు 42, 42 అని ఉంటుంది. హెక్స్‌లో అది బీ అక్షరం కోడు, అంటే రెండు బీలు. దానికి ముందు డబ్ల్యూఎం చేర్చితే వచ్చే డబ్ల్యూఎంబీబీ మీరు చదవాల్సిన మెథడ్. ఇంత కోత కూడా అక్కర్లేదనుకుంటే, డబ్ల్యూఎంఐ ఫోల్డర్‌లో ప్రతి జీయూఐడీ కింద ఆబ్జెక్ట్ అండర్‌స్కోర్ ఐడీ అనే ఫైలు ఉంటుంది. అది చదివినా అదే పేరు వస్తుంది.

ఆ మెథడ్‌కు మూడు ఆర్గ్యుమెంట్లు. ఆర్గ్0 ఎన్నో ప్రతి (సాధారణంగా 0), ఆర్గ్1 ఏ పని అన్న నంబరు, ఆర్గ్2 ఇచ్చే డేటా. మెథడ్ నిండా ఆర్గ్1ను పోల్చే ఇఫ్‌లు, కేస్‌లు ఉంటాయి. అక్కడ నింపాదిగా కూర్చుని చదవండి. ఏ నంబరుకు ఎన్ని బైట్లు తీసుకుంటోంది, వాటిని ఏ ఫీల్డుల్లో రాస్తోంది అన్నది కాగితం మీద రాసుకోండి. డ్రైవర్ పనిలో సగం ఈ చదువే.

ఫైళ్లు తీయడం తెలియనివాళ్ల కోసం: ఏసీపీఐసీఏ టూల్స్ ప్యాకేజీ వేసి, సడోతో ఏసీపీఐడంప్‌ను మైనస్ బీతో నడపండి. డీఎస్‌డీటీ, దానికి అదనపు పట్టికలైన ఎస్ఎస్‌డీటీ ఫైళ్లు వస్తాయి. ఐఏఎస్ఎల్ మైనస్ డీ వాటిని చదవగలిగే రూపంలోకి తెస్తుంది. మెథడ్ డీఎస్‌డీటీలో లేకపోతే ఎస్ఎస్‌డీటీల్లో తప్పక వెతకండి.

ప్రశ్న: క్లెవో చట్రం ఉన్న మెషీన్‌లో కాషాయం పంపితే నీలి ఊదా వెలుగుతోంది. ఆకుపచ్చ పంపితే ఎరుపు. ఎల్ఈడీలు పాడయ్యాయా?
— పాఠకుడు, ఖమ్మం

ఎల్ఈడీలు బాగానే ఉన్నాయి. మీరు రంగులను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో పంపుతున్నారు. ఈ ఫర్మ్‌వేర్ (తయారీదారు మెషీన్‌లోనే పెట్టిన ప్రోగ్రాం) నీలం, ఎరుపు, ఆకుపచ్చ వరుసలో చదువుతుంది.

క్లెవోలో లైట్ల పని నంబరు 103. దానికి ఇచ్చే డేటా 32 బిట్ల సంఖ్య, అంటే నాలుగు బైట్లు. అన్నిటికంటే పై బైటు ఏ భాగమో చెబుతుంది: 240 ఎడమ, 241 మధ్య, 242 కుడి. ఆ తర్వాత నీలం, ఎరుపు, ఆకుపచ్చ. మీ కాషాయం ఎరుపు 255, ఆకుపచ్చ 80, నీలం 0 అనుకుందాం. ఎడమ భాగానికి వెళ్లాల్సింది 240, 0, 255, 80. మీరు పంపింది 240, 255, 80, 0. ఫర్మ్‌వేర్ దాన్ని నీలం 255, ఎరుపు 80, ఆకుపచ్చ 0 అని చదివింది. నీలి ఊదా వచ్చింది అందుకే.

కొత్త మెషీన్ ఏదైనా సరే మొదట మూడే పరీక్షలు చేయండి: 255, 0, 0, తర్వాత 0, 255, 0, తర్వాత 0, 0, 255. ప్రతిసారీ వెలిగిన రంగు రాసుకుంటే వరుస తేలిపోతుంది. తెలుపుతో మాత్రం పరీక్షించకండి. మూడు బైట్లూ 255 అయితే వరుస తప్పినా తెల్లగానే వెలుగుతుంది, తప్పు లోపలే దాగి ఉంటుంది.

ప్రశ్న: ఎవరో చెప్పారని ఎంబెడెడ్ కంట్రోలర్ మెమరీలో ఒక బైటు నేరుగా మార్చాను. లైటు మారలేదు, ఫ్యాను ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?
— పాఠకుడు, నెల్లూరు

వెంటనే షట్‌డౌన్ చేయండి. రీస్టార్ట్ సరిపోదు, ఎంబెడెడ్ కంట్రోలర్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. చాలా మోడళ్లలో కంట్రోలర్ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ఆ తర్వాత బూట్ చేసి ఫ్యాను తిరుగుతోందో లేదో వినండి. తిరగకపోతే మెషీన్‌ను వాడకుండా సర్వీసుకు ఇవ్వండి. ఫ్యాను లేకుండా పరీక్షలు కొనసాగించవద్దు.

ఆ మెమరీ మొత్తం 256 బైట్లు. లైటు బైటు పక్కనే ఫ్యాను వేగం, చార్జింగ్ హద్దు ఉండొచ్చు. ఒక మోడల్‌లో లైటుగా ఉన్న చోట ఇంకో మోడల్‌లో మరేదో ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే సిరీస్ అయినా ఈ హామీ లేదు. అందుకే ఈ పేజీలో మళ్లీ మళ్లీ చెబుతాం: చదవండి, రాయకండి. ఈసీ అండర్‌స్కోర్ సిస్ మాడ్యూల్‌ను మామూలుగా వేస్తే చదవడానికి మాత్రమే వీలిస్తుంది. ఎఫ్ఎన్ కీ నొక్కకముందు ఒకసారి, నొక్కాక ఒకసారి ఆ 256 బైట్లను ఫైళ్లలోకి తీసి పోల్చితే ఏ బైటు మారిందో తెలుస్తుంది. ఉష్ణోగ్రత, బ్యాటరీ బైట్లు వాటంతట అవే మారుతుంటాయి కాబట్టి నాలుగైదు సార్లు చేయండి. అలా తెలిసింది డీఎస్‌డీటీ చదవడానికి ఆధారంగా వాడండి. రాసే పని ఎప్పుడూ తయారీదారు పెట్టిన డబ్ల్యూఎంఐ మెథడ్ ద్వారానే జరగాలి.

ప్రశ్న: మెథడ్ దొరికింది, రంగు మారుతోంది. ఇప్పుడు డ్రైవర్‌లో కలర్ అని ఒక ఫైలు పెట్టి, అందులో రాస్తే రంగు మారేలా చేస్తే సరిపోదా?
— కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు, వరంగల్

మీ ఒక్కరి మెషీన్‌కైతే పనిచేస్తుంది. కానీ దయచేసి ఆ దారి పట్టకండి. సిస్టమ్76 కంపెనీ ల్యాప్‌టాప్‌ల డ్రైవర్‌లో కలర్ అనే ఫైలు ఉంది. ఆసుస్ టఫ్‌లో ఆరు సంఖ్యలు తీసుకునే కేబీడీ ఆర్‌జీబీ మోడ్ అనే ఫైలు ఉంది. ఇలా ఒక్కో డ్రైవర్‌కు ఒక్కో పద్ధతి ఉంటే, డెస్క్‌టాప్ రాసేవాళ్లు ఒక్కోదాన్నీ విడిగా నేర్చుకోవాలి. వాళ్లు నేర్చుకోరు, చివరికి నష్టపోయేది వాడేవాళ్లు. 2020లో వచ్చిన కెర్నల్ 5.9 నుంచి దీనికి ఉమ్మడి పద్ధతి ఉంది. దాని పేరు మల్టీకలర్ ఎల్ఈడీ క్లాస్. మీ డ్రైవర్ దాన్ని వాడితే, కేడీఈ ప్లాస్మా అనే లైనక్స్ డెస్క్‌టాప్ 6.1 వెర్షన్‌లో వచ్చిన సౌకర్యం, అంటే డెస్క్‌టాప్ యాక్సెంట్ రంగునే కీబోర్డుకూ పెట్టడం, మీరు అదనంగా ఒక్క వరుస రాయకుండానే పనిచేస్తుంది.

ఆ క్లాసులో వెలుగు వేరు, రంగు వేరు. బ్రైట్‌నెస్ ఫైలులో ఒకటే సంఖ్య. మల్టీ ఇంటెన్సిటీ ఫైలులో మూడు సంఖ్యలు. వాటి వరుస మల్టీ ఇండెక్స్ ఫైలు చెబుతుంది. చివరికి ఒక్కో ఎల్ఈడీకి వెళ్లే విలువ ఇలా వస్తుంది: బ్రైట్‌నెస్‌ను ఇంటెన్సిటీతో హెచ్చవేసి, గరిష్ఠ బ్రైట్‌నెస్‌తో భాగించాలి. గరిష్ఠం 255, రంగు 255, 80, 0, బ్రైట్‌నెస్ 128 అయితే ఎరుపు 128, ఆకుపచ్చ 40, నీలం 0. ఈ లెక్క మీరు చేయనక్కర్లేదు, ఎల్ఈడీ ఎంసీ కాల్క్ కలర్ కాంపొనెంట్స్ అనే ఫంక్షన్ చేసి పెడుతుంది.

ఇక్కడ తరచుగా జరిగే తప్పు ఒకటుంది. మీ ఫర్మ్‌వేర్‌లో వెలుగుకు విడిగా ఆదేశం ఉంటే పై ఫంక్షన్‌ను పిలవకండి. ఇంటెన్సిటీని ఉన్నదున్నట్టు రంగు ఆదేశంలో, బ్రైట్‌నెస్‌ను వెలుగు ఆదేశంలో పంపండి. రెండూ చేస్తే మసక రెండుసార్లు పడుతుంది: సగం వెలుగు అడిగితే పావు వస్తుంది.

వెలుగు మార్చే ఫంక్షన్‌ను బ్రైట్‌నెస్ సెట్ బ్లాకింగ్ అనే చోట తగిలించండి. బ్లాకింగ్ లేని చోట పెడితే, టైమర్ ట్రిగ్గర్ (ఎల్ఈడీని దానంతట అదే ఆర్పి వెలిగించేది) పెట్టగానే లాగ్‌లో హెచ్చరికలు పడతాయి. ఏసీపీఐ పిలుపు నిద్రపోగలదు, టైమర్ సందర్భంలో నిద్రకు అనుమతి లేదు.

పేరు కూడా ముఖ్యమే. కీబోర్డు అంతా ఒకే రంగు అయితే ఆర్‌జీబీ, కోలన్, కేబీడీ అండర్‌స్కోర్ బ్యాక్‌లైట్. మూడు భాగాలైతే మూడు ఎల్ఈడీలు రిజిస్టర్ చేసి, కేబీడీ జోన్డ్ బ్యాక్‌లైట్ తర్వాత అడ్డగీత పెట్టి లెఫ్ట్, మిడిల్, రైట్ అని చేర్చండి.

పరీక్షించేటప్పుడు: మల్టీ ఇంటెన్సిటీలో మూడు సంఖ్యలూ ఒకే వరుసలో రాయాలి, రెండే రాస్తే ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటుంది. బ్రైట్‌నెస్ 0గా ఉంటే ఏ రంగు రాసినా వెలగదు. సడో ఎకో అని రాసి బాణం గుర్తుతో ఫైలులోకి పంపితే అనుమతి లేదంటుంది. ఆ ఫైలును తెరిచేది మీ షెల్, సడో కాదు. ఎకోను పైపు ద్వారా సడో టీ (టీ, ఈ, ఈ అని టైపు చేసే కమాండ్)కి పంపండి.

ప్రశ్న: మాడ్యూల్ కంపైల్ అయింది. ఇన్స్‌మాడ్ చేస్తే ఒకసారి అన్‌నోన్ సింబల్ అని, ఇంకోసారి కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అని వస్తోంది.
— పాఠకుడు, విశాఖపట్నం

రెండూ వేర్వేరు జబ్బులు. ఇన్స్‌మాడ్ మీరిచ్చిన ఫైలును మాత్రమే ఎక్కిస్తుంది, అది ఆధారపడే మాడ్యూళ్లను తేదు. ముందు మోడ్‌ప్రోబ్‌తో ఎల్ఈడీ క్లాస్ మల్టీకలర్ మాడ్యూల్‌ను ఎక్కించి, తర్వాత మీది వేయండి.

రెండోది సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం లేని కోడ్‌ను ఆపే రక్షణ) చేసే పని. మోక్‌యుటిల్‌కు ఎస్‌బీ స్టేట్ అని ఇస్తే అది ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. ఉబుంటులో మీ డ్రైవర్‌ను డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేసే సాధనం) ద్వారా వేస్తే అదే సంతకం పెడుతుంది. ఆ సంతకం తాలూకు కీని మెషీన్ ఒకసారి నమ్మాలి. మోక్‌యుటిల్ ఇంపోర్ట్‌కు వార్, లిబ్, షిమ్ సైన్డ్, మోక్ ఫోల్డర్‌లోని మోక్ డాట్ డీఈఆర్ ఫైలును ఇవ్వండి (ఈ ఫైలు పేరులో మోక్ పెద్ద బడి అక్షరాల్లో ఉంటుంది). ఒక పాస్‌వర్డ్ పెట్టి రీబూట్ చేయండి. నీలం తెర వస్తుంది. అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఆగుతుంది. టీ తాగడానికి లేచి వెళ్తే బూట్ అయిపోతుంది, మళ్లీ మొదటినుంచి చేయాలి.

ప్రశ్న: మూత మూసి తెరిస్తే రంగు పోయి నీలం వస్తోంది. రీబూట్ చేసినా అంతే.
— పాఠకురాలు, తిరుపతి

నిద్రలోకి వెళ్లినప్పుడు మీ ఫర్మ్‌వేర్ రంగును మరిచిపోయి తన మొదటి రంగుకు వస్తోంది. డ్రైవర్‌లో రెజ్యూమ్ ఫంక్షన్ రాసి, గుర్తుపెట్టుకున్న చివరి విలువలను మళ్లీ పంపండి. రీబూట్ సంగతి వేరు. సిస్టమ్‌డీ బ్యాక్‌లైట్ సర్వీసు బ్రైట్‌నెస్‌ను మాత్రమే దాచి తిరిగి పెడుతుంది, రంగును దాచదు. లెడ్స్ సబ్‌సిస్టమ్‌లో మీ ఎల్ఈడీ పేరు చేరగానే మల్టీ ఇంటెన్సిటీకి మీ మూడు సంఖ్యలు రాసే ఒక యూడెవ్ (డివైస్ చేరగానే చేయాల్సిన పనులు చూసే సేవ) నియమం పెట్టుకోండి. దీన్ని డ్రైవర్‌లో పెట్టే ప్రయత్నం చేయకండి, ఎవరికి ఏ రంగు ఇష్టమో కెర్నల్‌కు అక్కర్లేదు.

ప్రశ్న: నా కీబోర్డులో ప్రతి కీకీ విడి రంగు. వందకు పైగా ఎల్ఈడీలు రిజిస్టర్ చేయనా?
— గేమింగ్ ల్యాప్‌టాప్ వాడకందారు, విజయవాడ

వద్దు. ఎల్ఈడీ క్లాసులో ఒక్కో ఎల్ఈడీకి విడిగా రాయాలి. అలా వంద కీలకు సెకనుకు ఇరవై ముప్ఫై సార్లు రాస్తే యానిమేషన్ కుంటుతుంది. ఏ కీ ఎక్కడ ఉందో చెప్పే వీలు కూడా ఆ క్లాసులో లేదు. ఇలాంటివి దాదాపు అన్నీ యూఎస్‌బీ దారివే. కాబట్టి హెచ్ఐడీరా ఫైలు (డివైస్‌తో నేరుగా మాట్లాడే దారి) ద్వారా యూజర్ ప్రోగ్రామ్‌తో నడపడం మంచిది. ఓపెన్ఆర్‌జీబీ అనే ప్రోగ్రాం చేసేది ఇదే. మీ మోడల్ దానిలో లేకపోతే అక్కడ చేర్చండి. రూట్ అక్కర్లేకుండా ఉండాలంటే ఆ డివైస్‌కు యూడెవ్ నియమంలో యూయాక్సెస్ ట్యాగ్ ఇవ్వండి.

కొత్త కీబోర్డు అయితే హెచ్ఐడీ రిపోర్ట్ డిస్క్రిప్టర్‌లో (డివైస్ తన గురించి తానే చెప్పుకునే పట్టికలో) 59 అనే యూసేజ్ పేజీ (హెక్స్‌లో) ఉందేమో చూడండి. ఉంటే అది ల్యాంప్‌అరే ప్రమాణం. 2023లో విండోస్ 11లో వచ్చిన డైనమిక్ లైటింగ్ దాని మీదే నడుస్తుంది. ప్రతి దీపం ఎక్కడుందో డివైసే చెబుతుంది కాబట్టి విప్పి చదివే శ్రమ మీకు తప్పుతుంది.

ప్రశ్న: ఎఫ్ఎన్ కీతో వెలుగు మార్చితే తెర మీద సూచన రావడం లేదు.
— పాఠకుడు, కరీంనగర్

కంట్రోలర్ తానే మార్చిన సంగతి కెర్నల్‌కు తెలియదు. ఎల్ఈడీకి బ్రైట్ హెచ్‌డబ్ల్యూ చేంజ్డ్ ఫ్లాగ్ పెట్టండి. 8 రకం డబ్ల్యూఎంఐ ఈవెంటు వచ్చినప్పుడు కొత్త వెలుగును ఎల్ఈడీ క్లాస్‌డెవ్ నోటిఫై బ్రైట్‌నెస్ హెచ్‌డబ్ల్యూ చేంజ్డ్ ఫంక్షన్‌కు ఇవ్వండి.

ప్రశ్న: నా డ్రైవర్ బాగా పనిచేస్తోంది. అసలు కెర్నల్‌లో చేర్చాలంటే?
— ఇంజనీరు, బెంగళూరు

తప్పకుండా పంపండి. డీకేఎంఎస్‌లోనే ఉంచితే కెర్నల్ మారినప్పుడల్లా ఎక్కడో ఒకచోట విరుగుతుంది.

పంపే ముందు ఒక్క విషయంలో గట్టిగా జాగ్రత్తపడండి: జీయూఐడీ ఒక్కదాన్ని నమ్ముకుని డ్రైవర్ దానంతట అదే లోడ్ అయ్యేలా చేయకండి. ఏబీబీసీ0ఎఫ్6 అని మొదలయ్యే జీయూఐడీలను చాలామంది తయారీదారులు మైక్రోసాఫ్ట్ నమూనా కోడ్ నుంచి యథాతథంగా తెచ్చుకున్నారు. వేరే కంపెనీ మెషీన్‌లో అదే జీయూఐడీ కింద పూర్తిగా వేరే పనులు ఉంటాయి. మీ 103 అక్కడ ఏం చేస్తుందో చెప్పలేం. డీఎంఐ పట్టికలో (మెషీన్ మోడల్‌ను గుర్తించడానికి డ్రైవర్‌లో పెట్టే జాబితాలో) తయారీదారు పేరు, బోర్డు పేరు పెట్టి, మీరు చేతిలో పెట్టుకుని పరీక్షించిన మోడళ్లనే అందులో చేర్చండి. విండోస్ సాఫ్ట్‌వేర్‌ను విప్పి దాని కోడ్‌ను తెచ్చి అతికించడం కూడా వద్దు.

డ్రైవర్ ఉండాల్సిన చోటు డ్రైవర్స్, ప్లాట్‌ఫామ్, ఎక్స్86 ఫోల్డర్. చెక్‌ప్యాచ్ స్క్రిప్టును స్ట్రిక్ట్ ఆప్షన్‌తో నడిపి హెచ్చరికలన్నీ సరిచేయండి. ఎవరికి పంపాలో గెట్ మెయింటైనర్ స్క్రిప్టు చెబుతుంది, ఎల్ఈడీ విభాగం వాళ్లను కూడా కాపీలో పెట్టండి. ఒక ప్యాచ్‌లో (కోడ్‌లో మార్పును చూపే ఫైలులో) ఒకే మార్పు ఉండాలి. సైన్డ్ ఆఫ్ బై వరుస లేకపోతే తీసుకోరు. గిట్ సెండ్ ఈమెయిల్‌తోనే పంపండి. మామూలు మెయిల్ పెట్టెలో అతికిస్తే ట్యాబులు ఖాళీలుగా మారి ప్యాచ్ అతకదు. వ్యాఖ్యలు వచ్చాక సరిచేసి, వీ2 అని గుర్తుపెట్టి, మొదటి ప్రతికీ దీనికీ తేడా ఏమిటో మూడు అడ్డగీతల కింద రాసి మళ్లీ పంపండి.